పడుగు దిగనీలే

ధర్మవరంలో మాది నేత ఇల్లు. పడుగు, అంటే చీర నిలువుదారాలు, మగ్గం మీద ఉండగా ఊరు దాటకూడదని మా నాయన కాలం నుంచీ మాట. అయితే ఒక పడుగు అయిపోతుండగానే దాని కొసలకు కొత్త పడుగు దారాలు అతికిస్తాం. మగ్గం ఖాళీగా ఉన్న రోజంటూ ఉండదు. ఈ సంగతి నాకు తెలియక కాదు.

నా భార్యకు కీళ్ళవాతం. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బని చెప్పి, హిందూపురం డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. "ఇవి చానా ఏండ్లు మింగితే కంటిలోపలి పొర దెబ్బతినొచ్చప్పా. ఏడాదికోసారి కండ్లు చూపించాల" అని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ తలూపాను.

మాత్రలతో ఆమె వేళ్ళ వాపు తగ్గింది. మళ్ళీ అతుకుల పనికి కూర్చుంది. ఇంకేం కావాలి నాకు? మందుల అంగట్లో పాత అట్ట చూపించి తొమ్మిదేళ్ళు అవే తెచ్చాను. పొద్దున్నే నా చేత్తోనే ఆమె అరచేతిలో పెట్టేవాణ్ణి. నాకంటే బాగా చూసుకునే మొగుడెవడని గొప్ప కూడా పోయాను. కంటి పరీక్ష మాట ఆమె ఎత్తితే మాత్రం "ఈ పడుగు దిగనీలే" అనేవాణ్ణి.

పోయిన ఏడాది అతుకుల్లో దారాలు వదిలేయడం మొదలుపెట్టింది.

"ధ్యాస యాడ పెట్టినావే? కండ్లు నెత్తికెక్కినాయా?" అని అరిచాను.

"కాదయ్యా, సూటిగా చూస్తే దారం మాయమైతాంది. పక్కకు చూస్తే కనపడతాంది."

సాకు చెబుతోందనుకున్నాను. వీధి చివర వచ్చే మనిషిని నడక చూసి గుర్తుపడుతుంది, ముక్కు ముందున్న దారం కనపడదా అని ఇంకా నాలుగు మాటలన్నాను. ఆ మాటలు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒకరోజు అన్నం పెడుతూ పులుసు పళ్ళెం పక్కన పోసింది. అప్పుడు భయమేసింది. సగం నేసిన చీరను మగ్గం మీదే వదిలి ఆమెను హిందూపురం కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆ రోజు ఏ పడుగూ అడ్డం రాలేదు.

"పోయిన చూపు తిరిగి రాదు. ఏటా చూపించింటే ముందే తెలిసేది" అన్నాడాయన, నేనిచ్చిన మాత్రల అట్ట చూసి. తర్వాత ఆమెను అడిగాడు: "మాత్రలు రోజూ మింగుతాంటివా?"

"మింగుతాంటి సార్. మా ఆయప్ప ఒక్క పొద్దు కూడా తప్పనీలేదు."

చెప్పి, మెచ్చుకోలుగా నవ్వుతూ నా వైపు తిరిగింది. నా ముఖం కనపడాలని నా చెవి పక్కకు చూస్తోంది.