పదేళ్ల మాట

ఒడిశా రాయగడలో మా తెలుగువాళ్ల పఠన మందిరానికి కంప్యూటరు వచ్చిన కొత్తలో దాని బాగోగులు చూసింది డొరగుడ అల్యూమినా కర్మాగారంలో పనిచేసే టెక్నీషియను. విజయనగరం వైపు మనిషి. ఆదివారం టికిరి స్టేషనులో రైలెక్కి వచ్చేవాడు. నేను అప్పటికి పత్రికలో పని మానేశాను. పుస్తకాల జాబితా, పాత పత్రికల సూచిక ఇద్దరం కలిసి అందులోకి ఎక్కించాం.

ఆ కంప్యూటరును నడిపే వ్యవస్థ, అంటే ఆపరేటింగ్ సిస్టం, ఉచితం. దాని అసలును ఒక కంపెనీ పెద్ద సంస్థలకు అమ్ముతుంది. కానీ దానికి ముడిసరుకు బయటిది. ఎక్కడెక్కడివాళ్లో జీతం లేకుండా కూడి ముందు ఒక వెర్షన్ తయారుచేస్తారు. కొత్తవన్నీ మొదట అందులో పడతాయి. వాడి చూసి తప్పులు పట్టేదీ చాలావరకు వాళ్లే. అక్కడ కుదురుకున్నదాన్ని కంపెనీ తీసుకుని, గట్టిచేసి, ఏళ్ల తరబడి మరమ్మతుల హామీతో అమ్ముతుంది. కోడు అందరికీ తెరిచి ఉంటుంది కనుక అమ్మేదానికి అచ్చమైన ఉచిత నకలును మరో బృందం తయారుచేసేది. ఆ బృందాన్నీ తర్వాత కంపెనీయే చేరదీసింది. మా మందిరంలో ఉన్నది ఆ నకలే.

అతను ఇంట్లో మాత్రం మొదటి వెర్షనే వాడేవాడు. "ముందు మనం తిని సూస్తాం గురువుగారూ. కడుపునొప్పి రాకపోతే ఆళ్లు వడ్డిస్తారు" అని నవ్వేవాడు.

ఒకసారి, కరెంటు పోయి వస్తే ప్రింటరుకు పంపిన పనులన్నీ మాయమవుతున్నాయని కనిపెట్టాడు. కావాలని పదిసార్లు ప్లగ్గు పీకి చూశాడు. ఫిర్యాదు ఎలా రాయాలో నేను చెప్పాను. ఏం జరిగిందో ముందు, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది తర్వాత, మన అభిప్రాయం అసలొద్దు. వార్త రాసినట్టే రాశాం. అతను ఇంగ్లీషులో పెట్టి పంపాడు. దిద్దుబాటు ముందు ఆ జీతం లేనివాళ్ల వెర్షన్లోకి, కొన్నాళ్లకు అమ్మేదాంట్లోకి వచ్చింది. మార్పుల జాబితాలో దానికి ఒక్క వాక్యం. అది చూసిన రోజు స్టేషను బయట రెండేసి టీలు తాగాం.

ఆ ధీమాతోనే కమిటీకి మాటిచ్చాడు. "పదేళ్లు దీన్ని ముట్టక్కర్లేదమ్మా. మరమ్మతుల ఆకరి తారీకు కంపెనీ ఆళ్లే ఆళ్ల వెబ్ పేజీలో ఏసేరు."

అధ్యక్షురాలు రిటైరైన టీచరు. ఆవిడ నా వైపు చూసింది. ఆ పేజీ నేనూ చూశానన్నాను. పత్రికలో ఉన్నన్నాళ్లూ ఒక్కరి మాట పట్టుకుని వార్త ఇవ్వలేదు. ఆ పేజీ గురించి మాత్రం మరొకరిని అడగలేదు.

రెండేళ్లు తిరక్కుండానే కంపెనీ ఆ తారీకును బాగా దగ్గరికి తెచ్చేసింది. ఆ ఏటితో నకలుకు మరమ్మతులు ఆగిపోతాయి. కావాలంటే, అమ్మేదానికి ముందుగా పరీక్షకు వదిలే వెర్షన్ వాడుకోవచ్చట.

కమిటీ కూర్చుంది.

"ఏటి బాబూ, పదేళ్లన్నావు. రెండేళ్లైనా కాలేదు" అంది అధ్యక్షురాలు.

"ఇంకో గుంపు ఇలాటి నకలే సేసేరమ్మా. ఒక్క ఆదివారంలో మార్సెస్తాను."

"అదెన్నాళ్లుంటాదో ఎవురు సెప్పేరు?"

ఆవిడ అతని వైపు తిరిగింది.

"ఇంతకీ మాటిచ్చింది నువ్వా, ఆ కంపెనీయా?"

"నానేనండి."

నేనూ చూశానమ్మా అని నేను అనాల్సింది అప్పుడే. ఇరుపక్షాల మాటలూ రాసుకోవడానికి వచ్చిన విలేకరిలా ఊరుకున్నాను. బజారులోని కంప్యూటరు షాపువాళ్లకు పని అప్పగించాలని తీర్మానించారు. అతను మందిరం తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

స్టేషను దాకా తోడు వెళ్లాను. దారి పొడుగునా కంపెనీని తిట్టాను. ఊరికే చేసిపెట్టినవాళ్ల చెమట తాగి, చివరికి వాళ్లకే తలుపేశారన్నాను. అతను ప్లాట్‌ఫారం వచ్చేదాకా విన్నాడు.

"ఆళ్లు నా మొకం ఎరగరు గురువుగారూ. మీరు నా పక్కనే కూకున్నారు."

బండి వచ్చింది. ఎక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు.