గట్టుకు పోయి పైలట్ కొలువు గురించి నిజం చెప్పి వచ్చాను

విమానం నడిపేవాడు నాగర్‌కర్నూల్‌లో ఎర్రబస్సెక్కి గద్వాల అవతల గట్టు అనే ఊరికి పోవడమేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నేను సరుకు విమానాల కంపెనీలో కో-పైలట్‌ని. నాలుగేళ్లపాటు కొరియర్ మూటలు, మందుల పెట్టెలు, ఒకసారైతే కోడిపిల్లలను కూడా మోశాను. ఈ 2009 మొదట్లో సరుకు తగ్గిందని కంపెనీ సగం విమానాలను మూల నిలబెట్టి, మళ్లీ పిలిచేదాకా జీతం లేకుండా ఇంట్లో ఉండమంది. అప్పటినుంచి నాగర్‌కర్నూల్‌లో మా ఇంటిపట్టునే ఉన్నాను. ఈ బ్లాగులో "కార్గో పైలట్ ఉద్యోగాలు ఎలా ఉన్నాయి సార్?" అని అడుగుతున్నవాళ్లకు ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. ఈ ప్రయాణమే ఆ జవాబు అనుకోండి.

పోయిన వారం సలీం ఫోన్ చేశాడు. గట్టు కుర్రాడు. నేను చదివిన ఫ్లయింగ్ స్కూల్లోనే నా తర్వాత చేరి విమానం నేర్చుకున్నాడు. లైసెన్సు చేతికొచ్చి రెండేళ్లు కావస్తోంది, కొలువు మాత్రం రాలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎవరో ఏజెంటు, విదేశంలో పెద్ద విమానం మీద శిక్షణ తీసుకుంటే కార్గో కంపెనీలో సీటు ఖాయమని వాళ్ల నాన్నకు చెప్పాడట. బావి కింద పొలం మొదటి చదువుకే పోయింది. మిగిలిన మెట్టచేను ఈ శిక్షణ కోసం అమ్మేస్తానని ఆయన పట్టుబట్టాడు. "నా మాట వింటలేడన్నా. నేను భయపడి ఎనుకకు వోతున్న అనుకుంటుండు. నువ్వు నౌకరీ చేసేటోనివి, నువ్వొచ్చి చెప్తే వింటడు" అన్నాడు సలీం. చేను కొనేవాళ్లు శుక్రవారం వస్తారట. నేను బుధవారం బయలుదేరాను.

ఈ దారిలో పోవాలనుకునేవాళ్లు పొద్దున్నే తెమలండి. నాగర్‌కర్నూల్ నుంచి గోపాల్‌పేట మీదుగా వనపర్తికి గంటన్నర దాకా పడుతుంది, టికెట్టు ఇరవై రూపాయల లోపే. వనపర్తిలో బస్సు మారి పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాల చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వానలు మొదలవ్వాల్సిన రోజులు, ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. వంతెన కింద కృష్ణ బండల మధ్య సన్నగా పారుతోంది. గద్వాల బస్టాండు ఎదుట హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఆ పూటకు మనసారా చేసిన పని అదొక్కటే.

గట్టు బస్సు అప్పుడే వెళ్లిపోయిందన్నారు. షేర్ జీపులో ముందు సీటు దొరికింది, పదిహేను రూపాయలు. ఎవరింటికని డ్రైవర్ అడిగితే సలీం వాళ్ల నాన్న పేరు చెప్పి, మౌలాలి గారింటికన్నాను.

"పైలట్ సలీం ఇంటికా? గట్ల చెప్పు సార్. గా పొట్టేలు ఇల్లంటే ఎవ్వరైనా చూపిస్తరు."

పొట్టేలు సంగతేంటని అడిగాను. వాళ్లమ్మ దర్గాకు మొక్కుకుందట, కొడుక్కు విమానం కొలువు దొరికితే పొట్టేలును కోసి ఊరంతటికీ అన్నం పెడతానని. ఆ విందునే ఇక్కడ కందూరు అంటారు. సలీం విమానం చదువుకు పోయిన వారమే పిల్లను కొని మెడకు ఆకుపచ్చ గుడ్డ కట్టారు. మొక్కిన జీవాన్ని అమ్మకూడదు, కొట్టకూడదు, మొక్కు తీరేదాకా కోయకూడదు.

"పిల్లప్పుడు ముద్దుగ ఉండె. ఇప్పుడు చూడాలె సార్, సర్పంచు లెక్క తిరుగుతది. ఎవల చేన్ల వడ్డా ఏమంటం? పీరు సాయిబుదాయె!" అని డ్రైవర్ నవ్వాడు. వెనక కూర్చున్నవాళ్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంటి ముందు వేపచెట్టు నీడలో అది పడుకునే ఉంది. కొమ్ములు రెండు చుట్లు తిరిగాయి. మెడలో గుడ్డ వెలిసి రంగు పోయింది. మౌలాలి గారు ఎదురొచ్చి చేయి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టారు. సలీం తల్లి హుసేన్‌బీ జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. తిన్నంతసేపూ ఎవరూ చేను మాట ఎత్తలేదు. చెయ్యి కడుక్కున్నాక, సలీం గడప దగ్గర నిలబడి వింటుండగా, మౌలాలి గారే మొదలుపెట్టారు.

"నీకు దొరికిన కొలువు మావోనికి ఎందుకు దొరకదు? జర నువ్వే చెప్పు."

"నేను చేరినప్పుడు మనుషులు దొరకక పిలిచి మరీ ఇచ్చారు చాచా. ఇప్పుడు మోయడానికి సరుకే లేదు. వెయ్యి గంటలు నడిపినవాళ్లే ఇళ్లలో కూర్చున్నారు. సలీం నడిపింది రెండు వందల గంటలు. అది లైసెన్సుకు సరిపోతుంది గానీ కొలువుకు సరిపోదు."

"గందుకే కదా పెద్ద ట్రైనింగు? ఖాయమన్నడు ఏజెంటు."

"కాగితం మీద రాసిస్తాడా అని అడగండి. ఇవ్వడు. ఆ శిక్షణ అయినవాళ్లు కూడా ఖాళీగానే ఉన్నారు. పైగా శిక్షణ అయ్యాక ఊరికే కూర్చుంటే దానికీ గడువు తీరిపోతుంది, మళ్లీ డబ్బు పోయాలి."

ఆయనకు కోపం వచ్చింది. "అందరు పిరికి మాటలే చెప్తరు. నువ్వు నడుపుతలేవా మరి? నువ్వెట్ల నడుపుతున్నవ్?"

బంధువులందరికీ సెలవు మీద వచ్చానని చెప్పుకుంటున్నాను. సలీంకు కూడా అంతే తెలుసు. ఇక్కడ ఆ మాట పనికిరాదని అర్థమైంది.

"నేను నడపట్లేదు చాచా. నెలల నుంచి జీతం లేదు. మళ్లీ పిలుస్తారో లేదో నాకే తెలియదు."

హుసేన్‌బీ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. మౌలాలి గారు వచ్చి మంచం మీద నా పక్కన కూర్చున్నారు. కోపం పోయింది. దాని బదులు వచ్చిన జాలిని భరించడం నాకు ఇంకా కష్టమైంది.

"మల్ల ఎప్పుడు మంచిగైతది?" అన్నారు, మెల్లగా.

"రెండేళ్లకో, నాలుగేళ్లకో. ఎవరూ చెప్పలేరు."

"రేడియోల వాన సంగతి గిట్లనే చెప్తరు" అని ఆయన లేచి, కొనేవాళ్లకు ఫోన్ చేశారు. "చేను అమ్ముతలేను. శుక్రారం రాకుర్రి." అంతే, రెండు ముక్కలు.

వచ్చిన పని అయింది. సంతోషిస్తాడనుకుని సలీం వైపు చూస్తే అతను అక్కడ లేడు.

సాయంత్రం బస్సు కోసం రోడ్డు దాకా నడిచి వచ్చేసరికి అక్కడ నిలబడి ఉన్నాడు. చేను మిగిలింది కదరా అన్నాను. తల ఊపాడు.

"మంచి పని చేసినవన్నా. అబ్బకు ఉన్నది ఉన్నట్టు చెప్పుమని నేనే అన్న. కానీ..." రోడ్డు వైపు తిరిగాడు. "నువ్వు నౌకరీల ఉన్నవనుకున్న. యాడనో ఒక్కడన్నా నడుపుతుండు కదా అనుకుంటే పానానికి ధైర్నముండె."

ఇంతలో పొట్టేలు నా వెనకే నడిచి వచ్చి సలీం తొడకు తల ఆనించి నిలబడింది. బస్సు కోసం కూర్చున్న ముసలమ్మ, పాపం ఏమీ ఎరగక, "కందూరు ఎప్పుడు బిడ్డా? నా పండ్లన్ని ఊడినంక పెడ్తవా?" అని వేళాకోళమాడింది.

"వచ్చే ఏడు, అవ్వా" అన్నాడు సలీం. అడిగినవాళ్లకల్లా చెప్పి చెప్పి ఆ మాట అతనికి నోటికి వచ్చేసినట్టుంది.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. అడిగినవాళ్లందరికీ జవాబు: ఇప్పుడు కార్గోలో కొత్తవాళ్లకు కొలువులు లేవు. పాతవాళ్లకే లేవు. ఆకాశం ఎక్కడికీ పోదు, రోజులు తిరగొచ్చు, తిరగాలనే నా ఆశ కూడా. కానీ ఆ ఆశ మీద చేను పెట్టమని ఎవరైనా చెబితే వాడి మాట నమ్మకండి. నేను ఆ ఇంట్లో చేను నిలబెట్టాను, నిజమే. ఇంకొకటి కూలగొట్టి వచ్చాను, అదీ నిజమే. రెండోదాని గురించి ఆలోచిస్తే అన్నం సహించడం లేదు.

ఆ దారిన పోయేవాళ్లకు ఒక్క సలహా. గట్టులో మెడకు వెలిసిన ఆకుపచ్చ గుడ్డ ఉన్న పొట్టేలు ఎదురైతే పక్కకు తప్పుకుని దారివ్వండి. కందూరు ఎప్పుడని మాత్రం ఎవరినీ అడగకండి.