నేను చూసిన చిరుతపులి

మొన్న శనివారం సాయంత్రం మా మనవరాలు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, వచ్చే సమ్మర్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి ఆఫ్రికాలో సఫారీకి వెళ్ళడానికి టికెట్లు వెతుక్కుంటూ ఉండగా, అమెరికాలో, అరోరాలోని మా ఇంటి పెరట్లోకి అలవాటు ప్రకారం జింకలు వచ్చాయి. ఆ పిల్ల ఆఫ్రికాను అక్కడే వదిలేసి పరుగున వెళ్ళి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న వాళ్ళ తాతయ్య భుజం పట్టుకుని, "తాతా, లుక్! డీర్ వచ్చాయి, కనిపించాయా?" అని అడిగింది. "ఆ, కనిపించాయి, కనిపించాయి" అన్నారు మావారు. నిజానికి జింకలు ఈ మూల నా గులాబీ మొక్కల్ని నింపాదిగా మేస్తున్నాయి, మావారి ముఖమేమో ఆ మూల గరాజ్ పక్కనున్న చెత్తడబ్బాల వైపు తిరిగి ఉంది.

మనవరాలు గమనించలేదు. ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ మేడ మీదికి వెళ్ళిపోయింది. నేను మాత్రం చేతిలో కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడిపోయాను. ఒకే మాటను రెండుసార్లు అనడం, రెండోసారి అవసరానికి మించిన ఉత్సాహంతో అనడం నేను బాగా ఎరిగిన విద్యే. యాభై ఏళ్ళ క్రితం ఆ మాటను సరిగ్గా అలాగే అన్నది నేను.

మా పెళ్ళినాటికి మావారు జాంబియాలో గవర్నమెంటు ఆసుపత్రి డాక్టరు. ఆ రోజుల్లో ఆఫ్రికా మీదుగా అమెరికా చేరుకున్న డాక్టర్లూ, మాస్టార్లూ ఇది చదువుతున్న మీలోనూ ఉండే ఉంటారు కాబట్టి ఆ ప్రయాణాల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది నా కళ్ళద్దాల సంగతి. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ నాకు దూరపు చూపు ఆనదు. పెళ్ళిచూపుల నాడు మా అమ్మ నా కళ్ళజోడు తీసి బియ్యం డబ్బాలో దాచేసింది, అద్దాల పిల్ల అంటే సంబంధం తప్పిపోతుందని ఆవిడ భయం. డాక్టరు దగ్గర కళ్ళ సంగతి దాచడమంటే కొరివితో తల గోక్కోవడమేనని నాన్న గొణిగారు గానీ, మా ఇంట్లో ఆయన మాట చెల్లిందెప్పుడు? అలా పెళ్ళిచూపుల్లో నేను చూసింది ఒక తెల్లచొక్కాను, దానిపైన నవ్వులాంటి దేన్నో. కాపురానికి పంపేటప్పుడు అమ్మ ఆ కళ్ళజోడును పట్టుచీర మడతలో పెట్టి, ఒక బిడ్డ పుట్టేదాకా బయటికి తియ్యొద్దని మరీ మరీ చెప్పింది. నేనూ తియ్యలేదు. ఇంట్లో చేతికందే దూరంలో అన్నీ కనిపించేవి, కొత్త కాపురానికి అంతకన్నా చూపు అక్కర్లేదు కూడా.

మరుసటి ఏడాది వానలు వెనకబట్టి గడ్డి ఎండిన రోజుల్లో, మా పక్కింటి లెక్కల మాస్టారూ, ఆయన భార్యా, మేమిద్దరం లువాంగ్వా నది ఒడ్డునున్న నేషనల్ పార్కుకు వెళ్ళాం. అడవిలో చిరుతపులిని చూడాలన్నది మావారికి చిన్నప్పటి కోరిక. ఆసుపత్రిలో ఏడాదిగా కూడబెట్టుకున్న సెలవులన్నీ దానికోసమే వాడేశారు. పైకప్పు లేని జీపులో రెండు రోజులు తిరిగాం. ఏనుగులు నాక్కూడా కనిపించాయి, అంత ఏనుగూ కనపడకపోతే ఇక అద్దాలు పెట్టుకునీ లాభం లేదు. చిరుత జాడ మాత్రం లేదు. పైగా క్యారేజీలో కట్టుకెళ్ళిన నిమ్మకాయ పులిహోరను కుక్కమూతి కోతి ఒకటి గిన్నెతో సహా ఎత్తుకుపోయింది. పులికోసం వచ్చి పులిహోర పోగొట్టుకున్నామని మాస్టారు ఆ సాయంత్రమంతా అంటూనే ఉన్నారు. మావారు నవ్వారు గానీ ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు.

మూడో రోజు ఉదయం, ఇక తిరుగు ప్రయాణమే అనుకుంటుండగా, తల నెరిసిన గైడు జీపు ఆపి "న్యలుగ్వే" అన్నాడు గుసగుసగా. అక్కడి భాషలో చిరుతపులి పేరది. ఏటిగట్టున వరసగా చెట్లు. మావారు చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. "అదిగో, ఆ కొమ్మమీద, తోక వేలాడుతోంది, చూశావా?" అన్నారు చెవిలో. నాకు ఆకుపచ్చ మబ్బులు తప్ప ఏమీ కనపడలేదు. ఆ మాటే అంటే కళ్ళజోడు, దానితోపాటు అమ్మ బియ్యం డబ్బా బయటపడతాయి. అదొక్కటే అయితే చెప్పేసేదాన్నేమో. ఆయన ముఖం దగ్గరగా ఉంది కనుక నాకు స్పష్టంగా కనిపించింది, అందులోని సంతోషాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదు. "ఆ, కనిపించింది, కనిపించింది" అన్నాను.

ఆ తర్వాత ఆయన ఒక ఫొటో తీశారు. ఇప్పటికీ మా ఆల్బమ్‌లో ఉంది, బ్లాక్ అండ్ వైట్‌లో ఒక పెద్ద చెట్టు. అమెరికా వచ్చాక మా ఇంటికి భోజనానికి వచ్చిన వాళ్ళెవరూ ఆ ఫొటో చూడకుండా వెళ్ళలేదు. అందరూ కాసేపు కళ్ళు చికిలించి, మర్యాదకు "అవునవును, కనిపిస్తోంది" అనేవారు. డ్రైవింగ్ లైసెన్స్ కోసం కళ్ళ పరీక్ష యంత్రంలో తలపెట్టి, మొదటి వరస చదవమంటే వరస ఎక్కడుందని నేను అడిగిన రోజున మావారు నన్ను తిన్నగా కళ్ళజోళ్ళ షాపుకు తీసుకెళ్ళారు. మర్నాటి నుంచి భోజనాల దగ్గర కథకు ఒక ముక్క చేరింది. "ఆ అద్దాలు చూసి మోసపోకండి, నేను వేలు చూపించానో లేదో చిరుతని పట్టేసింది మా ఆవిడ" అనేవారు. నేను తేలు కుట్టిన దొంగలా వడ్డనలో మునిగిపోయేదాన్ని. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ ఫొటోను భూతద్దం పెట్టి ఎన్నిసార్లు వెతికానో నాకే తెలియదు. నాకు చిరుతపులి మీద అంత మోజేం లేదు. ఆయన చూసిందాన్ని ఆయనతో కలిసి చూడలేదే అన్నదే నా బెంగ.

నాలుగేళ్ళుగా మావారి చూపు నడుమనుంచి చెరిగిపోతూ వస్తోంది. ముందు పేపరు, తర్వాత కారు, ఈ మధ్య నా ముఖం. మనవరాలికి మాత్రం తెలియనివ్వరు. ఉన్నమాట చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను, కానీ చూపు పోతున్న మనిషి దగ్గర, మనమిద్దరం కలిసి చూశామని నమ్ముకున్న ఒక్క దృశ్యాన్నీ లాక్కోవడం న్యాయమా అని ఆగిపోయేదాన్ని. మొన్న ఆ చెత్తడబ్బాలకేసి చూస్తున్న ముఖాన్ని చూశాక ఆగలేకపోయాను.

"ఏమండీ, ఆ రోజు చిరుతపులి నాకు కనపడలేదండీ" అన్నాను.

"తెలుసు" అన్నారాయన, కాఫీ అందుకోవడానికి చెయ్యి చాపుతూ. "నువ్వు పక్కచెట్టుని చూస్తున్నావు."

గ్లాసు ఆయన చేతిలో పెట్టాను.

"నాకైనా తోకొక్కటే కనిపించింది. నువ్వు కనిపించింది అనగానే నీకేసి తిరిగాను. పక్కచెట్టుకేసి చూస్తూ అంత సంబరపడిపోతున్నావు, ఇంక నీ ముఖం మీంచి చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. మళ్ళీ అటు తిరిగేసరికి చిరుత దిగిపోయింది. ఫొటో తీసింది ఆ తర్వాతే."

యాభై ఏళ్ళుగా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఖాళీ చెట్టును చూపించాం! ఇద్దరం నవ్వాం, నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది. "ఇంతకీ జింకలు ఎటున్నాయి?" అని అడిగారు. ఆయన గడ్డం పట్టుకుని మెల్లగా గులాబీల వైపు తిప్పాను. మూడున్నాయనీ, ఒకటి పసిదనీ చెప్పాను.

ఇప్పుడు గైడ్లు ఒకరికొకరు రేడియోలో చెప్పుకుంటారట, చిరుత కనిపించే తీరుతుందని మా మనవరాలి ధీమా. ఫోన్‌లో దాని మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు. వీడియో తీసి పంపుతుందట తాతకి. మంచిదే, చూసి రానీ. నాకు మాత్రం ఆ జీపు, ఆ ఎండుగడ్డి వాసన, చటుక్కున పట్టుకున్న ఆ చెయ్యి ఒక్కసారి మళ్ళీ కావాలనిపిస్తోంది, అద్దాలు లేకపోయినా సరే. మా మనవరాలికి చిరుత కనిపించే ఆ క్షణాన, చిరుతను వదిలేసి ఆ పిల్ల ముఖంకేసి చూసే మనిషి ఒకరు పక్కన ఉంటే బాగుండును.