వేలు గుర్తుపట్టని తలుపు

మునియమ్మ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. గుడియాత్తం అగ్గిపెట్టెల కంపెనీలో పద్దెనిమిదేళ్ళు అట్టలకు జిగురు పూసిన చేతులవి. రేషన్ అంగట్లో మిషను మీద బొటనవేలు పెడితే ఎర్రలైటే వెలిగేది. చీరకొంగుతో తుడిచి పెట్టినా, నోటి ఆవిరి పట్టి పెట్టినా అంతే. చివరికి కన్ను చూపించి బియ్యం తెచ్చుకునేది.

బోరు ఎండిపోయి చెనిక్కాయ (వేరుశనగ) సేద్యం మూలపడ్డాక ఆమె వేలూరులో పనికి కుదిరింది. సత్తువాచారిలో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. జయకుమార్ ఆంబూరులో చెప్పుల కంపెనీ సూపర్‌వైజరు. భార్య జ్యోతిక ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. వాళ్ళ కూతురు యోగితకు మూడేళ్ళు. పొద్దున ఆరింటి బస్సుకు వచ్చి, సాయంత్రం దాకా పిల్లను చూసుకోవడమే మునియమ్మ పని.

ఆ ఇంట్లో అన్నీ ఫోను చెప్పినట్టు వింటాయి. దీపాలు, ఫ్యాను, నీళ్ళు కాగే గీజరు, హాల్లో కెమెరా. తలుపుకు తాళంచెవి లేదు. బ్యాటరీతో నడిచే తాళం అది. వేలు పెట్టినా, నంబరు కొట్టినా తెరుచుకుంటుంది, మూస్తే దానంతటదే పడిపోతుంది. మునియమ్మ పది వేళ్ళూ ఒక్కొక్కటే పెట్టించి చూసింది జ్యోతిక. ఎడమచేతి చిటికెన వేలొక్కటే పట్టింది.

"ఇదొక్కటి చాలుమ్మా" అంది జ్యోతిక.

మునియమ్మ సరేనంది. కానీ ఆ తలుపంటే ఆమెకు మొదటినుంచీ బెరుకే.

తమిళుల ఆషాఢం, ఆడి మాసం గాలులు మొదలైన రోజులవి. పదకొండు గంటలప్పుడు కరెంటు పోయింది. అప్పటికే గీజరు సలసలా కాగి ఉంది. పిల్లకు నీళ్ళు పోయాలని మునియమ్మ బకెట్టు కింద వేడినీళ్ళ కొళాయి తిప్పి, అంట్లు కడిగిన తడిచేతులతోనే చెత్తసంచి పట్టుకుని వాకిటి బయటికి అడుగు పెట్టింది. డబ్బా రెండడుగుల దూరంలోనే ఉంది. వెనక దభేలున చప్పుడైంది.

గాలికి తలుపు మూసుకుంది. పిల్ల లోపలుంది. బకెట్టులోకి వేడినీళ్ళు పడుతున్నాయి. బాత్రూం తలుపు బార్లా తెరిచే ఉంది.

మునియమ్మ చిటికెన వేలు పెట్టింది. ఎర్రలైటు. తుడుచుకుని పెట్టింది. ఎర్రలైటు. నీళ్ళలో నాని వేలికొస ముడతలు పడి ఉంది. ఐదోసారికి తలుపు కీచుమని అరిచి, ఇక లైటు కూడా వెలిగించడం మానేసింది.

"అవ్వా! యాడుండావు?" లోపలినుంచి యోగిత గొంతు.

"ఈడనే ఉండానమ్మా! తలుపు కాడికి రా, నా తల్లి కదా!"

"నీళ్ళు పొగ వస్తా ఉండాయి అవ్వా."

అంటే, పిల్ల బాత్రూం ముందే నిలబడి ఉంది.

"ఆడ వద్దమ్మా! ఈడికి రా! నా వేళ్ళు కనిపిస్తాయి, చూడు!" నేల మీద బోర్లా పడుకుని, తలుపు కిందున్న సందులోంచి నాలుగు వేళ్ళు లోపలికి దూర్చి ఆడించింది. కాసేపు ఏమీ వినిపించలేదు. ఆ కాసేపట్లో ఆమెకు కంపెనీలో అగ్గిపుల్లల మందు కలిపే గది అంటుకున్నప్పటి అరుపులు చెవుల్లో మోగాయి. తర్వాత చిన్న పాదాల చప్పుడు. మెత్తటి చెయ్యి ఒకటి ఆమె వేళ్ళను పట్టుకుంది.

"పట్టుకో. విడవద్దు" అంటూనే, తల కదిలించకుండా కిందికి కేకేసింది. "సామీ! సుబ్రమణ్యం సామీ!"

రెండో అంతస్తులో ఉండే ముసలాయన, రిటైరైన స్కూలు మాస్టరు, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఎన్నమ్మా ఆచ్చు? ఏమైంది?"

"పాప లోపల ఉండాది సామీ. లోపల వేడినీళ్ళు పడతా ఉండాయి. నా ఫోనూ లోపలే."

ఆయన తన ఫోన్లో జయకుమార్‌కు కలిపి, సంగతి చెప్పి స్పీకరు పెట్టాడు.

"నా ఫోనుతో తీద్దామంటే ఇంట్లో నెట్టు లేదంటా ఉండాదమ్మా" అన్నాడు జయకుమార్.

"కరెంటు పోయిందప్పా. ఇంకేదో నంబరు కొట్టి తీస్తారు కదా, అది చెప్పు!" అన్నాడు మాస్టరు.

"పోయిన వారం ప్లంబరు వచ్చి పోయినాక జ్యోతిక మార్చేసింది. నాకు తెలీదు. ఆమె థియేటర్లో ఉండాది, ఫోను బయట పెట్టేస్తాది. ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పిస్తా. నేనూ బయల్దేరతా ఉండా, గంట పడతాది."

గంట. ఆ మాట వినగానే మునియమ్మ కళ్ళు మూసుకుంది. తలుపు పగలగొట్టించడానికి వడ్రంగిని పిలుస్తానన్నాడు మాస్టరు. కానీ అది ఇనప తలుపు.

ఆమె వేళ్ళతో చీమ, ఏనుగు, కుందేలు అంటూ ఆట మొదలుపెట్టింది. నవ్వులోకి ఏడుపు రాకుండా పళ్ళు బిగపట్టింది. పిల్ల రెండుసార్లు చెయ్యి వదిలింది. రెండుసార్లూ పేరు పెట్టి పిలిచి మళ్ళీ పట్టించింది. అంతలో వేళ్ళకు తడి తగిలింది. బకెట్టు పొర్లి, తూము పట్టక నీళ్ళు హాల్లోకి పారుతున్నాయి. గబుక్కున వెనక్కి లాక్కోబోయి, ఆగి, మళ్ళీ తడిమి చూసింది. గోరువెచ్చగానే ఉన్నాయి. గీజరులో వేడి అయిపోయినట్టుంది.

"కాలుతా ఉండాదా అమ్మా?"

"లేదవ్వా. గౌను తడిసిపోయింది."

ముప్పావు గంట తర్వాత మాస్టరు ఫోను మోగింది. ఎవరో సిస్టరు థియేటర్లోకి పోయి జ్యోతికను అడిగి చెప్పిన నంబరు. మాస్టరు ఒక్కో అంకె చదివితే మునియమ్మ ఒక్కొక్కటే నొక్కింది. మూడో అంకె తప్పు పడుతుందేమోనని ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. నీళ్ళలో కూర్చున్న పిల్లను ఎత్తుకుని, కాళ్ళూ చేతులూ తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా బొబ్బ లేదు. అప్పుడు గోడకు ఆనుకుని ఏడ్చింది.

సాయంత్రం జ్యోతిక వచ్చి తిడుతుందని కాచుకుని ఉంది. జ్యోతిక తిట్టలేదు. "నంబరు ఎవరికీ చెప్పకుండా మార్చినా కదమ్మా" అని ఆమె చేతులు పట్టుకుంది.

"అదంతా వద్దు తల్లీ" అంది మునియమ్మ. "నాకొక ఇనప తాళంచెవి ఇయ్యి. లేకుంటే రేపటినుంచి రాను."

ఆ వారంలోనే మామూలు తాళం బిగించారు. అయినా ఆమె భయం పోలేదు. ఇప్పటికీ చెత్త పారేయాలంటే పిల్లను చంకనెత్తుకునే బయటికి వస్తుంది. యోగితకు నాలుగేళ్ళు నిండాయి, బాగా బరువెక్కింది. "దించు అవ్వా, నేను నడుస్తా" అంటుంది. మునియమ్మ దించదు.