తెలియని రుచి కోసం విశాఖ దాకా

కనకదుర్గకి కిందటి వానాకాలం జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతో పాటు పోయిన రుచీ వాసనా మాత్రం సరిగా తిరిగి రాలేదు. అసలేమీ తెలియకపోతే అదొక బాధ. దుర్గకి తెలుస్తాయి, కానీ తప్పుగా తెలుస్తాయి. ఉల్లిపాయ వేగుతుంటే టైరు కాలిన కంపు. కాఫీ తాగితే కిరసనాయిలు తాగినట్టు. నెమ్మదిగా అదే సర్దుకుంటుందన్నారు డాక్టరుగారు. ఈలోగా పెరుగన్నం, అరటిపండు తింటూ మనిషి సగమైంది.

"తెలిసిన వంట ఎలా ఉండాలో మనసుకి తెలుసు కదే. నోట్లో పెడితే అలా ఉండదు. ఏడుపొచ్చేస్తాది. ఎప్పుడూ తిననిదైతే ఆ తేడా తెలీదు కదా," అని ఒకరోజు ఫోన్లో అంది. మా ప్రయాణానికి ఆ మాటే కారణం.

మేం ముగ్గురం అమలాపురంలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాకు కొత్తపేటలో జాకెట్లు కుట్టే షాపు ఉంది. దుర్గ వాళ్ళాయనది మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారం. మూడోది నూకరత్నం, కాట్రేనికోనలో వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి. ఆమె మేనకోడలు విశాఖలో ఆసుపత్రిలో పనిచేస్తుంది. అక్కడ బీచ్ రోడ్డు దగ్గర కొత్తగా మెక్సికన్ హోటల్ పెట్టారని ఆ పిల్లే చెప్పిందట. మెక్సికో వంట ఎలా ఉంటుందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మాకు కావలసిందీ అదే.

శనివారం పొద్దున్న ఆరున్నరకి అమలాపురం బస్టాండులో కలుసుకుని కాకినాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం కాబట్టి బస్సు కిటకిటలాడుతోంది. వెళ్ళాలనుకునేవాళ్ళు ఒక పావుగంట ముందే వస్తే సీటు దొరుకుతుంది. ముమ్మిడివరంలో అరటాకుల కట్టతో ఎక్కిన ఒక పెద్దావిడకి జరిగి చోటిచ్చాను.

"ఎందాకండీ?" అని అడిగింది.

"వైజాగండీ."

"పెళ్ళికాండీ?"

"కాదండీ, భోజనానికి."

ఆవిడ మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. "భోజనానికి వైజాగా! ఇంట్లో బియ్యం నిండుకున్నాయేంటండీ?"

"బియ్యం ఉన్నాయండీ, నా నోరే పాడైంది," అంది దుర్గ నవ్వుతూ. అలా నవ్వగా చూసి చాలాకాలమైంది.

ఎదుర్లంక వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద గోదావరి నిండుగా, కదులుతోందో లేదో తెలియనంత నిదానంగా ఉంది. యానాం దాటి కాకినాడ చేరేసరికి ఎనిమిదిన్నర. స్టేషనుకి ఆటోలో వెళ్ళి, నేను కట్టి తెచ్చిన ఇడ్లీలు తిని, విశాఖ రైలెక్కాం. తుని దగ్గర సమోసాల గంప పెట్టెలోకి రాగానే దుర్గ లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. గంప ముందుకి వెళ్ళిపోయాక వచ్చి కూర్చుంది. ఇంత దూరం తీసుకెళ్ళి ఈమెని ఇంకా ఏడిపిస్తామేమోనని నాకు అప్పుడే గుబులు మొదలైంది.

విశాఖలో నూకరత్నం మేనకోడలి ఫ్లాటులో దిగాం. ఆ పిల్ల తాళంచెవి ఇచ్చి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఎండ తగ్గాక స్నానాలు చేసి, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని, ఆరు గంటలకల్లా హోటలుకి చేరాం. శనివారం ఏడు దాటితే బల్ల దొరకదట, ముందే ఫోన్ చేసి చెప్పుకోవడం మంచిది.

మేడమీది హాలు. గోడలు నీలం, పసుపు. పైన రంగు కాగితాల తోరణాలు. వంట చేసేది అందరికీ కనిపించేలా మధ్యలో అద్దాల గది. వడ్డించే ఆయన మర్యాదస్తుడు. మా అయోమయం చూసి ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. టాకో అంటే అరచెయ్యంత చిన్న మొక్కజొన్న రొట్టెలో కూర పెట్టి మడిచేది. గ్వాకమోలే అంటే అవకాడో పండు పచ్చడి, మన ముందే రోట్లో నూరి ఇస్తారు.

"మా రోలు కన్నా చిన్నదే," అంది నూకరత్నం. రొయ్యల టాకో రాగానే రొట్టె విప్పి లోపలికి తొంగి చూసింది. "నాయనా, మా చెరువులోంచి ఇంత దూరవొచ్చి ఈ వేషం కట్టేవా!"

వడ్డించే ఆయన కూడా నవ్వేశాడు. దుర్గ ఒక టాకో చేతిలోకి తీసుకుంది. కొరికింది. మేమిద్దరం తినడం ఆపేసి చూస్తున్నాం.

"ఎలా ఉందే?" అన్నాను.

"ఉండండే, తిననివ్వండి."

రెండో ముక్క కొరికేలోపు పక్క బల్లకి ఇనప పెనం వచ్చింది. దానిమీద ఉల్లిపాయలూ క్యాప్సికమ్‌లూ చుయ్యిమంటున్నాయి. పొగ సూటిగా మా వైపు తిరిగింది. దుర్గ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కుర్చీ తోసేసి, మెట్లవైపు గబగబా వెళ్ళిపోయింది.

వెనకే పరుగెత్తాను. కింద ఫుట్‌పాత్ మీద, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంది. కళ్ళు తుడుచుకుంటోంది.

"తప్పు నాదే. రా, ఇంటికి పోదాం," అన్నాను.

"కంపు గురించి కాదే," అంది. "అది అలవాటైపోయింది. ఏడాదిగా నేను ముద్ద నోట్లో పెడితే చాలు, ఇంట్లో అందరూ నా మొహం వంకే చూస్తారు. ఎలా ఉంది, తెలుస్తోందా, అంటారు. మా ఆయనైతే ఇంట్లో ఉల్లిపాయే మాన్పించేరు. పాపం, నా గురించే. కానీ అన్నం తినడం పరీక్ష రాసినట్టైపోయిందే నాకు. ఇప్పుడు మీరూ అలాగే చూస్తన్నారు."

గాలి ఉప్పగా, గట్టిగా వీస్తోంది. ఎగురుతున్న ఆమె కొంగు పట్టుకుని భుజం మీద సర్దాను.

"ఇంక అడగం," అన్నాను. "తింటే తిను, లేకపోతే మానెయ్."

"నూకరత్నానిక్కూడా చెప్పు. దాని కళ్ళు మరీ పెద్దవి."

పైకి వెళ్ళేసరికి నూకరత్నం వడ్డించే ఆయనతో మాట్లాడి కిటికీ పక్క బల్లకి మార్పించింది. విషయం చెప్పాను. "ఆయ్, అలాగే," అని దుర్గ వైపు వీపు తిప్పి కూర్చుంది. దాంతో ముగ్గురికీ నవ్వాగలేదు.

ఆ తరువాత కబుర్లలో పడ్డాం. హాస్టల్ వార్డెన్ గారి చెప్పుల చప్పుడు వినగానే లైటార్పేసి గురకపెట్టడం, పరీక్షల ముందు నూకరత్నం ఎండు రొయ్యలు నిప్పుల మీద కాల్చి గదంతా పొగ చేయడం, దాన్ని దాచడానికి దుర్గ డబ్బా పౌడరూ చల్లెయ్యడం. బల్లమీదికి చిక్కుడుగింజల కూర, సన్నటి అన్నం, కాల్చిన మొక్కజొన్న వచ్చాయి. ఎవరు ఏది తిన్నారో ఎవరం చూసుకోలేదు. వంట గురించి అడిగితే, కారం మన లెక్కకి తక్కువే, పులుపూ పొగవాసనా ఎక్కువ. చిక్కుడుగింజల కూర నాకు బాగా నచ్చింది. అవకాడో పచ్చడి నాకెక్కలేదు. వెన్నలో ఉప్పు కలిపి తిన్నట్టుంది.

మధ్యలో మట్టిరంగు షర్బత్ ఏదో గ్లాసుల్లో తెచ్చారు. నేను నూకరత్నానికి కొత్త డిజైను జాకెట్ గురించి చెబుతుంటే దుర్గ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇది చింతపండే!"

నేను గ్లాసెత్తి తాగాను. తియ్యగా ఉంది, వెనకాల పులుపు. వడ్డించే ఆయన్ని పిలిచి అడిగితే అవునన్నాడు, మెక్సికోలోనూ చింతపండు వాడతారట. దుర్గ గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి తెమ్మంది. నూకరత్నం మాత్రం ఆగలేక అటు తిరిగి కళ్ళొత్తుకుంది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. అమలాపురంలో దిగేసరికి సాయంత్రమైంది. మలికిపురం వెళ్ళే బస్సు ఎదురుగానే ఉంది. దుర్గ ఎక్కలేదు. బస్టాండు ఎదురు హోటల్లోకి దారితీసి, మాకంటే ముందే కూర్చుని, "పెసరట్టండీ, ఉల్లిపాయ వెయ్యకండి, అల్లం కొంచెం ఎక్కువెయ్యండి," అని చెప్పింది.

సగం తిని పళ్ళెం నావైపు తోసింది.

"ఇంకా తప్పుగానే ఉందే. అల్లం మాత్రం తెలుస్తోంది," అంది.

మిగతా సగం నేను తిన్నాను. మెక్సికో వంట మందేమీ కాదు, అలా అనుకుని ఎవరూ వెళ్ళొద్దు. స్నేహితులతో వెళ్ళండి, తినేటప్పుడు వాళ్ళ మొహం చూడకుండా కబుర్లు చెప్పండి. నేను తెలుసుకున్నది అంతే. తరువాతి బస్సు వచ్చేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. అది వచ్చినా, దుర్గ ఇంకాసేపు లేవలేదు.