మందు తగలని ఆకు

హైవోల్టేజి కరెంటుతో ఆకులకు ఫొటోలు తీసి పురుగుమందు జాడ పట్టే పరిశోధన నా చేతి మీదుగానే నడిచింది. నిజానికి నేను చేసిందల్లా, కోటబొమ్మాళి రైల్వే స్టేషన్‌లో, ఆ పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయికి గోంగూర కట్ట ఇవ్వడమే.

ఆమె చూపిన ఫొటోలో ఆకు చుట్టూ నీలం వెలుగుంది.

"మందుకే కాదు, ఆకు వాడిపోయినా ఈ వెలుగు మారిపోతన్నాది తాతా. మందు తగలని ఆకు పక్కనెట్టి సూడాల. రేపూ తేలకపోతే మా సారు పని ఆపీమన్నారు," అంది దిగులుగా.

"ఇది మందు వాసనే ఎరగదమ్మా," అని నా సంచిలోని కట్ట ఇచ్చాను. రెండు చేతులా అందుకుంది.

అది మందు కొట్టి వారమైన గోంగూర. మళ్లీ ఆ పంట వేయలేదు.

ఆరోజు నా పక్కనే ఉన్న మా ఆవిడ, నేను రాసిన ఇది చదివించుకుని అంది:

"వారమేటి? ఆ పొద్దున్నే కొట్టావు. ఆ పిల్ల ఒకాకు నోట్లో ఏసుకుంటే సూస్తా కూకున్నావు."