ఇంగ్లీషుకు తలెత్తని గొర్రె

ఆ రోజుల్లో, అంటే నిజాం ఏలుబడిలో, ఇంగ్లీషు నేర్చుకోవాలంటే ముందు ఉర్దూ రావాలి. రామన్నపేట బడిలో మౌల్వీ సాబ్ ‘యాక్సెప్ట్ అంటే కబూల్ కర్నా, ఎక్సెప్ట్ అంటే సివాయ్’ అని వల్లె వేయించేవారు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన నాకు ఆ ఉర్దూ కూడా ఇంగ్లీషంత దూరమే. (బెత్తం మాత్రం అచ్చ తెలుగులో అర్థమయ్యేది.) పైగా మా బాపు షరతు ఒకటి. తనిఖీకొచ్చే పెద్ద సాబ్‌కు జవాబు చెబితే నల్లగొండ బోర్డింగుకు, లేకపోతే మంద వెంట. నాకేమో చదువంటే ప్రాణం.

చివరికి మౌల్వీ సాబే విసిగిపోయి, వచ్చీరాని తెలుగులో “ఒకటి తీస్కునుడు, ఇంకోటి ఇడిశిపెట్టుడు” అన్నారు. అంతే, నాకు మా మంద కళ్లకు కట్టింది. ఏ గొర్రెనైనా దాని గుణాన్నిబట్టి పిలవడం మా కాపరుల అలవాటు. ఎవరి పిల్ల వచ్చినా పాలిచ్చే గొర్రెకు యాక్సెప్ట్ అని, మందలో కలవకుండా కంపల్లోకి పోయేదానికి ఎక్సెప్ట్ అని పేర్లు మార్చేశాను.

“గొర్లకు గీ ఇంగిలీసు పేర్లేందిరా? రేపు నా పేరు గూడ మారుస్తవా?” అన్నాడు బాపు. అన్నాడే గాని, నా కోసం ఆ పేర్లతోనే పిలిచేవాడు.

పెద్ద సాబ్ వచ్చి సరిగ్గా నన్నే లేపి, ఎక్సెప్ట్ అంటే ఏమిటన్నారు. భయానికి ఉర్దూ ఎగిరిపోయి గొర్రె ఒక్కటే మిగిలింది.

“పొద్దుగూకితే మందంత దొడ్లకొస్తది సాబ్, గదొక్కటి తప్ప. దానెన్క నేను ఉరకాలె,” అన్నాను.

మౌల్వీ సాబ్ కళ్లు మూసుకున్నారు. పెద్ద సాబ్ కడుపుబ్బ నవ్వి, “బరాబర్ చెప్పిండు. గీ పోరన్ని నల్లగొండకు తోలుండ్రి,” అన్నారు.

దసరా సెలవులకు ఇంటికి రాగానే మంద దగ్గరికి పరుగెత్తి, బోర్డింగులో నేర్చిన ఉచ్చారణతో ‘ఎక్సెప్ట్’ అని పిలిచాను. అది తల కూడా ఎత్తలేదు.

“గట్ల గాదు బిడ్డ, జర ఇను,” అని బాపు గొంతెత్తి “ఎచ్చప్పూ” అన్నాడు. కంపల్లోంచి అది పరుగున వచ్చి ఆయన మోకాళ్లకు ఆనుకుంది. “నువ్వు లేవు గద. యాదికొచ్చినప్పుడల్లా గీ మాటే అంటున్న,” అన్నాడు, నావైపు చూడకుండా.

తరువాత ఆఫీసుల్లో ఇంగ్లీషు రాసే బతికాను. ఆ రెండు మాటలూ ఎన్నడూ తారుమారు కాలేదు. కానీ బాపు గొంతులో ఆ పిలుపు ఒక్కసారి వినాలని ఇప్పటికీ మనసు కొట్టుకుంటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనే అని చూస్తాను. ముసలివాణ్ణయ్యాను, ఆ ఒక్క మాటకు మాత్రం ఇంకా నోరు తిరగదు.